నాలుగు మిల్లీమీటర్లు

అయినా ఆ మహానుభావుడు చేసిందీ ఈ పనే కదా, మూడున్నర శతాబ్దాల కిందట ఒక అద్దె గదిలో కూర్చుని గాజుబిళ్ళలు అరగదీసి పొట్ట పోసుకున్నాడు, మిగిలిన పొద్దంతా సృష్టిలో కారణం లేని కార్యం లేదని, గొలుసులో లంకెల్లాగా ఒకదాని వెనుక ఒకటి జరగవలసిందే జరుగుతున్నదని, ఆ గొలుసును ఆసాంతం చూడగలిగినవాడికి దుఃఖం దానంతట అదే పలచబడుతుందని వ్రాసుకున్నాడు, అనుకుంటూ అతడు ఎడమకంటి అద్దాన్ని తడి చక్రానికి ఆనించాడు, చక్రం మీద నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి, అద్దంపొడి పాలరంగులో కారుతున్నది, వేలికొసకు చల్లదనం తెలియాలి, తెలియడం లేదు, పన్ను పీకే ముందు వైద్యుడు ఇచ్చే మందు చిగురుకు కాక మనిషి మొత్తానికీ ఎక్కినట్టున్నది, ఇవాళ్టికి పందొమ్మిది రోజులు, భార్య ఇంట్లో మెట్ల మీదనుంచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని పందొమ్మిది రోజులు, చూడవచ్చిన వాళ్ళందరూ మీ గుండె నిబ్బరం గొప్పదండీ, తామరాకు మీద నీటిబొట్టులా ఉన్నారే అన్నారు, పక్క దుకాణంలో గడియారాలు బాగుచేసే ఆయన అయితే రెండు చేతులూ జోడించి, మీరు చదివిన చదువు మీకు వంటబట్టిందండీ అన్నాడు, అవును, చదువు, నలభై ఏళ్ళుగా జేబులో పెట్టుకు తిరిగే చేతివ్రాత పుస్తకం, పేజీకొక తత్త్వవేత్త, రోజుకొక మాట, పొద్దున్నే టీ తాగుతూ దాన్ని భార్యకు చదివి వినిపించడం, సాయంత్రం దాకా ఆ మాట ప్రకారం నడుచుకోవడం, ఆమె ఊరికే వినే మనిషి కాదు, పెద్ద మట్టిజాడీలో కాపురమున్న విరాగి సంగతి చదివితే, పెళ్ళామే ఉంటే ఆ జాడీ కడిగి గింజలు పోసుకునేది, ఆయన్ని బయటికి తోలేది అన్నది, యుద్ధం మధ్యలో గుడారంలో కూర్చుని తనకు తానే బుద్ధులు చెప్పుకున్న చక్రవర్తి సంగతి చదివితే, పాపం చెబితే వినేవాళ్ళు ఎవరూ లేరేమో, మీకు నేనున్నాను, అదృష్టవంతులు అన్నది, పందొమ్మిది రోజులుగా అతడు పేజీ తిప్పలేదు, టీ మాత్రం తాగుతున్నాడు, వేడిగా ఉన్నదో చల్లారిందో తెలియడం లేదు.

తలుపు గంట మోగింది, వచ్చినవాడు బస్సు డ్రైవరు, నిన్న ఫ్రేము ఎంచుకుని వెళ్ళినవాడు, మనిషి కంటే ముందు బొజ్జ వచ్చింది, ఏంటి సార్, ఈ అద్దాలు పెట్టుకుంటే దూరాన ఉన్న సిగ్నలూ కనపడుతుందంట, చేతిలో ఉన్న కాగితమూ కనపడుతుందంట, మా ఆవిడ మనసులో ఏముందో కూడా కనపడేది ఒకటి చేసిపెట్టండి సార్, పుణ్యముంటుంది అన్నాడు, అతడు నవ్వవలసిన చోట నవ్వాడు, పెదవులు కదిలాయి, గోడవారనున్న పొట్టి స్టూలును లాగి డ్రైవరుకు ఎదురుగా కూర్చున్నాడు, ఇది నియమం, గీత కనపడని అద్దం ఇది, పై భాగం దూరానికి, కింది భాగం చదువుకు, రెంటికీ మధ్య ఒక వాలు, ఆ వాలు ఎక్కడ మొదలు కావాలో కంటిపాపకు ఎదురుగా పెట్టే నల్లచుక్క నిర్ణయిస్తుంది, చుక్క పెట్టేవాడి కన్ను పెట్టించుకునేవాడి కన్నుతో సరిసమానమైన ఎత్తులో ఉండాలి, నించుని పెడితే ఎదుటి మనిషి తలెత్తి చూస్తాడు, చుక్క పైకి పడుతుంది, చదువు భాగం పైకెక్కి నడకకు అడ్డం వస్తుంది, మెట్టు ఉన్నచోట ఉన్నట్టు కనపడదు, ఈ దుకాణంలో పనిచేసిన ప్రతివారికీ మొదటిరోజే చెప్పిన పాఠం, స్టూలు లేకపోతే మోకాళ్ళ మీద కూర్చో, అంతేగాని నించుని చుక్క పెట్టకు, సూటిగా నా ముక్కు మధ్యకు చూడండి అన్నాడు డ్రైవరుతో, చూశాను సార్, ముక్కు బాగుంది అన్నాడు డ్రైవరు, కుడికంటికి చుక్క పెట్టాడు, ఎడమకంటికి పెట్టబోతుండగా నెలన్నర కిందటి పొద్దు కళ్ళముందుకు వచ్చింది, భార్య బఠాణీలు ఒలుస్తున్నది, భోజనాల బల్ల దగ్గర, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, నేనూ దుకాణానికి వస్తానండీ, అందరిలాగే ఆ కుర్చీలో కూచుంటాను, ఒక్కసారి నన్నూ కస్టమర్‌గా చూడండి అంటున్నది, ఎందుకు, ముప్పై నాలుగేళ్ళుగా చూస్తున్న మొహం, దానికి కొలతలు నాకు కుర్చీలో కూచోబెడితేనే తెలుస్తాయా అని, చెప్పులేసుకుని బయల్దేరబోతూ అతడు నించునే ఫ్రేమును ఆమె ముక్కు మీద పెట్టాడు, ఆమె ఒలిచిన బఠాణీ వేళ్ళమధ్య అలాగే పట్టుకుని తలెత్తి అతడి మొహంలోకి చూసి నవ్వింది, ఆ నవ్వుకు ఎదురుగా రెండు చుక్కలు పెట్టి పెన్ను జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు, అయిపోయిందా సార్ అంటున్నాడు డ్రైవరు, అయింది, గురువారం రండి.

కొత్త అద్దాలు పెట్టుకున్న మర్నాడే ఆమె అన్నది, ఏమండీ, నేల నామీదికి లేచి వస్తున్నట్టుంది, మెట్టు మీద కాలు పెడితే మెట్టు ఇంకా కిందెక్కడో ఉంటోంది, ఆ మాట వేరే ఎవరన్నా అతడు స్కేలు తీసేవాడు, దారినపోయే దానయ్య వచ్చి అన్నా స్కేలు తీసేవాడు, ఆమెకు మాత్రం పుస్తకం తీశాడు, మనిషిని బాధించేది వస్తువు కాదు, ఆ వస్తువును గురించి మనిషి కట్టుకున్న అభిప్రాయమే అన్న పేజీ వచ్చింది ఆ పొద్దున, ఎంత చక్కగా కుదిరిందని మురిసి చదివాడు, రెండు వారాలు ఓపిక పట్టు, మనసు సర్దుకుంటే చూపూ సర్దుకుంటుంది అన్నాడు, సరే, అద్దాల సంగతి మీకంటే నాకెక్కువ తెలుసా అన్నది, వారం తరువాత మళ్ళీ అన్నది, దిగేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వస్తోందండీ, అప్పుడు సహనం మీద ఇంకొక పేజీ చదివాడు, మూడోసారి ఆమె ఏమీ అనలేదు, మేడ మీద ఆరిన బట్టలు బుట్టలో వేసుకుని దిగింది, పదునాలుగు మెట్లు, మధ్యలో మలుపు, మలుపు దగ్గర శబ్దం, ఆ తరువాత ఏ శబ్దమూ లేదు, కింది గదిలో అతడు చదువుతున్నాడు, ఏమి చదువుతున్నాడో గుర్తున్నది, గుర్తు తెచ్చుకోడు, ఇరవై ఆరేళ్ళుగా ఎక్కి దిగుతున్న మెట్లే కదమ్మా, చూసుకోవద్దూ అన్నారు అందరూ, చూసుకోలేదు అన్నది ఆమె, నాదే పరధ్యానం అన్నది, అతడు పక్కనే నించుని ఆ మాటలన్నీ విన్నాడు.

మూడోనాడు ఆస్పత్రివాళ్ళు ఒక ప్లాస్టిక్ సంచీ ఇచ్చారు, అందులో ఆమె చేతిగడియారం, చెప్పు ఒకటే, ఒక కాడ వంగిన కళ్ళజోడు, కాడ సరిచేసి సాయంత్రం తెచ్చాడు, దిండ్లు పెట్టి ఆమెను వీపు నిలిపి కూర్చోబెట్టారు, మంచం పక్కన నర్సు వదిలిన పొట్టి ముక్కాలిపీట ఉన్నది, దానిమీద కూర్చున్నాడు, ఇదేంటి కొత్తగా, ఇంత దగ్గరగా కూచున్నారు, జనం చూస్తారు అన్నది ఆమె మందుల మగతలో, కాడ సరిగ్గా ఉందో లేదో చూడనీ అని కళ్ళజోడు పెట్టాడు, ఈ రకం అద్దాల మీద మామూలు కంటికి ఆనని రెండు గుర్తులు చెక్కి ఉంటాయి, దుకాణంలోనే వాటిని వెతికి, అక్కడినుంచి కొలిచి చుక్క పెట్టి తెచ్చాడు, ఇప్పుడు ఆ చుక్కలు ఆమె కంటిపాపల మీద లేవు, పైన ఉన్నాయి, రెండు కళ్ళకూ పైన, స్కేలు అక్కరలేదు అతడి కంటికి, నాలుగు మిల్లీమీటర్లు, గోరు మీద తెల్లని నెలవంక అంత, ఆ క్షణంలోనే లోపల ఎవరో దీపం తీసి తలుపు మూసుకుని వెళ్ళారు, చిన్న రిపేరుంది, పాతవే పెట్టుకో అని కళ్ళజోడు తీసి జేబులో వేసుకున్నాడు, కళ్ళజోడుదేముందండీ, నా బుర్రకే రిపేరు అన్నది ఆమె, పదహారు రోజులైంది ఆ మాటకు, అప్పటినుంచి అతడు గొలుసును చూస్తూనే ఉన్నాడు, చుక్క వల్ల వాలు, వాలు వల్ల మెట్టు, మెట్టు వల్ల ఎముక, ఒక్కొక్క లంకె తళతళలాడుతూ స్పష్టంగా కనపడుతున్నది, దుఃఖం పలచబడుతుందన్నారు, పలచబడడానికి అసలు దుఃఖమంటూ రావాలి కదా, అదీ రాలేదు.

ఫోను మోగింది, కూతురు, బడిలో పాఠాలు చెప్పే మనిషి, సెలవు పెట్టి తల్లి దగ్గర ఉంటున్నది, నాన్నా, అమ్మ మళ్ళీ లేవనంటోంది, ఆస్పత్రిలో నాలుగడుగులు వేసిన మనిషి ఇంటికొచ్చాక మంచం దిగట్లేదు, ఫిజియో అమ్మాయి ఇవాళ గట్టిగానే చెప్పింది, ఈ వారం నడక మొదలెట్టకపోతే ఇక మంచమేనంట, తర్వాత ఎవరూ ఏం చెయ్యలేరంట, నాకు ఒళ్ళు మండి తిట్టాను కూడా, ఒళ్ళు తెలియకుండా దిగింది నువ్వు, ఇప్పుడు మొండికేసి మా అందరి ప్రాణాలూ తీస్తున్నదీ నువ్వేనని, ఏడుస్తుందనుకున్నా, ఏడవలేదు నాన్నా, నిన్నటి సంగతులు నాకేమేం గుర్తున్నాయో అడిగి చూస్తావా అంది, భయమేసింది, అమ్మమ్మలాగా అయిపోతోందా ఏంటి, నువ్వొకసారి రా, నువ్వు చెప్తే వింటుంది, నీ పుస్తకంలో ముసలాళ్ళలో ఎవరో ఒకరు కాళ్ళ గురించి కూడా చెప్పే ఉంటారుగా, ఆయన్ని తీసుకురా, వస్తున్నాను అన్నాడు అతడు, ఫోను పెట్టి, చక్రానికి నీళ్ళు కట్టేసి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, కడిగాడో లేదో అనుమానం వచ్చి మళ్ళీ కడుక్కున్నాడు.

ఇల్లు రెండు వీధుల అవతల, ఎండ నెత్తిమీద ఉన్నది, ఎండ అని తెలుస్తున్నది కాని కాలుతున్నట్టు లేదు, కాలిబాట మీద పళ్ళబండి, దాన్ని తప్పించుకుని నడుస్తుంటే చదువుకున్న పెద్దలందరూ ఒక్కొక్కరుగా వచ్చి తలొక గొడుగూ పట్టారు, జరిగిపోయినది ఇక నీది కాదు, ఈ క్షణమొక్కటే నీది అని చక్రవర్తి ఒక గొడుగు పట్టాడు, నీ చేతిలో ఉన్నదేదో లేనిదేదో వేరుచేసుకో, ఆమె భయం ఆమె చేతిలోది, నీ చేతిలోది కాదు అని బానిసగా పుట్టిన జ్ఞాని ఇంకొకటి పట్టాడు, లోకం ఏమనుకుంటే నీకేమి అన్నాడు జాడీలో విరాగి, చెప్పి నువ్వు సాధించేదేమున్నది, విరిగిన ఎముక అతుక్కుంటుందా అని వాళ్ళెవరూ అనలేదు, అది అతడే అన్నాడు, వాళ్ళ గొంతులో అన్నాడు, విషపాత్ర ఎత్తి తాగిన ముసలాయన మాత్రం గొడుగు పట్టలేదు, ఎప్పటిలాగే ఒక ప్రశ్న వేశాడు, ఇప్పుడు ఓదార్చడానికి వెళుతున్నది ఆమెనా నిన్నా అని, సిగ్నలు మారింది, అతడు రోడ్డు దాటాడు, చిన్నప్పుడు పద్యం చెప్పించుకుంటూ తాతగారు ఒకమాట అనేవారు, మనసులో ఉన్నది మాటకు రావాలి, మాట చేతకు రావాలి, మూడూ ఒక తాటిమీద నడిస్తేనే మనిషిరా, లేకపోతే నడిచే సంచీ అని, ఆమె తల్లి చివరి రోజులు కళ్ళముందు మెదిలాయి, పళ్ళెంలో చెంచా పెట్టుకుని ఇది దేనికి అని అడిగిన ఆ పెద్దామెను భార్య నాలుగేళ్ళు సాకింది, అప్పుడొకసారి వంటింట్లో అతడి చొక్కా పట్టుకుని, నాకిట్లా వస్తే మీకు చెప్పేవరకైనా నాకు గుర్తుండాలండీ అన్నది, ఇంటి గేటు వచ్చింది, గడియ తీశాడు.

ముందు గదిలోకి దించిన మంచం, దాని పక్కన అల్యూమినియం వాకరు, కాళ్ళకు బూడిదరంగు రబ్బరు తొడుగులు, వాటికి ఇంకా మట్టి అంటలేదు, ఫిజియో అమ్మాయి కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నది, కూతురు గుమ్మంలో చేతులు కట్టుకుని నించున్నది, భార్య పాత కళ్ళజోడుతో పైకప్పును చూస్తున్నది, వచ్చారా, ఇవాళ ఎవరిని తీసుకొచ్చారు అన్నది తల తిప్పకుండానే, బానిసగా పుట్టినాయన్ని అన్నాడు, చెప్పండి అంకుల్ నేనూ వింటా, ఎవరు చెప్తే ఏం, ఆంటీ లేస్తే చాలు అన్నది ఫిజియో అమ్మాయి, అతడి నోరు చెప్పుకుపోయింది, ఆ బానిస యజమాని ఒకరోజు ఊరికే క్రూరత్వం కొద్దీ ఆయన కాలు మెలిపెట్టాడట, ఇలాగే తిప్పితే విరుగుతుందండీ అన్నాడట ఆయన మెల్లగా, యజమాని ఆపలేదు, విరిగింది, చెప్పాను కదా అన్నాడట ఆయన, అంతే, కోపం లేదు, కన్నీళ్ళు లేవు, బతికినన్నాళ్ళూ కుంటుతూనే నడిచాడు, కాని నడిచాడు కదా, అంతేనా అన్నది భార్య, అంతే, మరి ఆ యజమాని, అన్నది ఆమె, యజమానేమిటి, అదేనండీ, కాలు విరిచినాయన, ఆయనేమన్నాడు, అది ఎవరూ వ్రాయలేదు అన్నాడు అతడు, రాయలేదా, పక్కనే ఉన్నాడుగా, విరిచాక ఏం చేశాడు, అన్నం తిన్నాడా, నిద్రపోయాడా, మర్నాడు ఈయన కుంటుకుంటూ నీళ్ళు మోస్తుంటే చూస్తూ కూచున్నాడా, ఇంతమంది ఇన్ని పుస్తకాలు రాశారు, ఒక్కరికీ అడగాలనిపించలేదా, పోనీలెండి, ఆయన నయం, తిట్టుకోడానికి విరిచినవాడంటూ ఒకడున్నాడు, ముందే చెప్పాను కదా అనడానికి ఒక మాట ఉంది, నాకేముంది, నా కాలు నేనే విరగ్గొట్టుకున్నా, మా అమ్మకీ ఇట్లాగే మొదలైంది, ముందు మెట్లు మర్చిపోయింది, తర్వాత మమ్మల్ని, నన్ను లేపకండి, పడుకుంటే కనీసం కొత్తగా ఏదీ మర్చిపోను, అన్నది, ముందే చెప్పింది, ఆమెకూ ఆ మాట ఉన్నది, రెండుసార్లు చెప్పింది, మెట్టు కిందెక్కడో ఉంటోందని, గోడ పట్టుకోవలసి వస్తోందని, మెలి తిప్పుతున్నవాడు పేజీ తిప్పాడు, నువ్వు మెట్లు మర్చిపోలేదు అని ఎవరో అన్నారు, తన గొంతే, పొడిగా, దుకాణంలో అద్దం నంబరు చదివినట్టు, అద్దాలు తప్పు, చుక్క నాలుగు మిల్లీమీటర్లు పైకి పడింది, పెట్టింది నేను, నించుని పెట్టాను, నువ్వు తలెత్తి చూశావు, మెట్టు నీకు నిజంగానే ఉన్నచోట కనపడలేదు, నువ్వు రెండుసార్లు చెప్పావు, నేను రెండుసార్లూ కొలవలేదు, నాన్నా, ఎప్పుడు తెలిసింది నీకు అన్నది కూతురు, మూడోనాడు, ఇన్నాళ్ళూ, అని కూతురు ఆగిపోయింది, నేను అమ్మని తిట్టాను నాన్నా, ఇందాకే తిట్టాను, నువ్వు వినికూడా, అని ముఖం తిప్పుకున్నది, భార్య మాత్రం ఇంకా పైకప్పునే చూస్తున్నది, అంటే నా బుర్ర బాగానే ఉందా అన్నది, బాగానే ఉంది, నేల లేచొచ్చినట్టు కనపడింది అద్దం వల్లేనా, అద్దం వల్లే, ఒట్టా, ఒట్టు, ఆమె తల గోడ వైపు తిప్పి, గోడతో చెబుతున్నట్టు అన్నది, రోజూ పొద్దున కళ్ళు తెరవగానే నా కూతురి పేరు లోపల అనుకుని చూసుకునేదాన్ని, గుర్తుందో లేదోనని, గుర్తున్నాకే కళ్ళజోడు పెట్టుకునేదాన్ని, మీరు టీ తెచ్చిచ్చేవారు, రోజూ, అప్పుడైనా చెప్పొచ్చుగా, అని, కళ్ళు తుడుచుకోకుండానే మోచేతుల మీద లేచి, అమ్మాయ్, ఆ నడిపించేది ఇటు జరుపు అన్నది, అతడు చెయ్యి చాపాడు, మీరు కాదు అన్నది ఆమె, మీరు అక్కడే నించోండి, నించోడం మీకు బాగా వచ్చుగా.

ఫిజియో అమ్మాయి ఒకవైపు, కూతురు ఒకవైపు, మధ్యలో ఆమె, వాకరు ముందుకు జరిగింది, రబ్బరు కాలు నేల మీద కీచుమన్నది, ఒక అడుగు, పళ్ళ బిగువున ఇంకొక అడుగు, అబ్బా, ఆగాగు, తొందరేంటే నీకు, మీ నాన్నా నువ్వూ ఒకటే అని కూతురిని విసుక్కుంటూ మూడో అడుగు, అతడు చెప్పిన చోటనే నించున్నాడు, చాపిన చెయ్యి దించుకోవడం మరచిపోయి నించున్నాడు, డొక్కలో ఎక్కడో సన్నగా సూదులు మొదలయ్యాయి, తిమ్మిరి పట్టిన కాలు వదిలేటప్పుడు గుచ్చుకున్నట్టు, ఒకటి, రెండు, ఆపైన లెక్కకు అందనన్ని, నొప్పి అంటే ఇదన్నమాట అనుకున్నాడు, దానికి ఏ పేజీ అడ్డం పెట్టాలని వెతకలేదు, ఆమె కిటికీ దాకా వెళ్ళి చువ్వ పట్టుకుని ఊపిరి పీల్చుకుంటున్నది, అతడి వైపు చూడలేదు, చూడకపోవచ్చు, చాలాకాలం చూడకపోవచ్చు, అది ఆమె ఇష్టం, నలభై ఏళ్ళుగా అతడు ఆ మహానుభావులందరినీ దెబ్బ తిన్నవాడి ఆసనం మీద కూర్చునే చదివాడు, వాళ్ళు సంపాదించుకున్న శాంతి అంతా తన కోసమే వ్రాసిపెట్టారని నమ్మాడు, అది కాలు విరిగినవాడికి చెందిన శాంతి, విరిచిన చేతికి అందులో వాటా లేదు, ఆ చేతికి వ్రాసి ఉన్న పని ఒకటే, ఆపమన్నప్పుడు ఆపడం, ఆపలేకపోతే నేనే అని చెప్పడం, ఇన్నాళ్ళూ తానే ఆ కథలో ఎవరూ మాట వ్రాయని యజమాని.